దిండి దగ్గర మండువా ఇంటి బస: పరుపు కన్నా అటక నచ్చింది

కోనసీమలోని దిండి దగ్గర వశిష్ఠ గోదావరి గట్టు దిగగానే కొబ్బరితోటలో పాత మండువా ఇల్లు. ఓ రైతు కుటుంబం అందులో మూడు గదులు అద్దెకిస్తోంది. పడక, స్నానాలగది శుభ్రంగా ఉన్నాయి. బ్యాంకులో పంట రుణాలు చూసి రిటైరైనవాణ్ణి కాబట్టి, నేనిచ్చిన డబ్బు ఎవరి చేతికి పోతోందన్నదే నా ఆరా.

పొద్దున దిబ్బరొట్టె, అల్లం పచ్చడి. మధ్యాహ్నం పండుగప్ప పులుసు. గట్టు మీద అమ్మే ఆవిడ దగ్గర బేరమాడి కొన్న చేప. పక్క గదివారు పులస కావాలన్నారు. "ఇది మాఘమాసమండీ. పులస వరదనీటికి ఎదురీదుకుంటూ వస్తుంది, శ్రావణంలో రండి" అంది ఇల్లాలు. ఏదో ఒక చేప వండి పులస అని వడ్డించే హోటళ్లు చూశాను కనుక ఆ మాటకే సగం మార్కులు వేశాను.

రాత్రి నెత్తిమీద ఎలుకల పరుగులు. అటక నిండా కొబ్బరికాయలే! నెలల తరబడి అలా ఉంచితే లోపలి నీరు ఇంకి కురిడీ, అంటే ఎండు కొబ్బరి, అవుతుంది, పచ్చికాయ కన్నా మంచి ధర పలుకుతుంది. కానీ అన్నాళ్లు ఆగాలంటే చేతిలో రొక్కం ఉండాలి. ఇదివరకు చెట్టెక్కి కాయలు దింపే కూలీ ఇవ్వడానికే కాయను అయినకాడికి అమ్మేవారట. ఇప్పుడా కూలీ, ఎరువుల ఖర్చు గదుల అద్దెలో వెళ్లిపోతున్నాయి. అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో ధర పడిపోతే కాయ అటక దిగదు. 1996 తుఫానుకు తోటలు నేలకూలినప్పుడు, 2011లో కోనసీమ రైతులు వరి వేయబోమని పంట విరామం ప్రకటించినప్పుడు ఇలాంటి రెండో ఆదాయం ఎన్ని ఇళ్లలో ఉంది?

అయితే పర్యాటకుల మీదే బతకడం వేరే సంగతి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల పడవ మునిగాక పాపికొండల షికారు నెలల తరబడి ఆగిపోయింది. ఇక్కడా వరద వస్తే గదులు ఖాళీ. ఈ ఇంటివారు తోటను వదల్లేదు, అదే వారి తెలివి.

పడవ షికారు మాత్రం ఒక ఏజెంటు గుప్పిట్లో ఉంది. నా దగ్గర పన్నెండు వందలు తీసుకున్నాడు. పడవ నడిపే సరంగుకు దక్కింది మూడు వందలట. మీరు వెళితే గట్టు మీద సరంగుతోనే నేరుగా మాట్లాడుకోండి. సంక్రాంతికి అద్దె మూడింతలు, అప్పుడు వెళ్లకండి.

ఐదుకు నాలుగు. కోసిన ఆ ఒక్కటీ ఏజెంటు ఖాతాలోదే, ఎలుకలది కాదు.