శాన్ ఫ్రాన్సిస్కోలో ట్రామ్ పేరు చెప్పి బస్సు ఎక్కించారు

శాన్ ఫ్రాన్సిస్కోలో పాతకాలపు ట్రామ్ ఎక్కాలనుకునేవారు ఫిషర్‌మన్స్ వార్ఫ్ అనే సముద్రతీర పర్యాటక ప్రాంతం దగ్గర బల్ల వేసుకుని కూర్చునేవారి వద్ద టిక్కెట్లు కొనవద్దు. "చారిత్రక ట్రాలీ యాత్ర" (అమెరికాలో ట్రామ్‌ను ట్రాలీ అంటారు) అన్న బోర్డు చూసి మేము మనిషికి 45 డాలర్ల చొప్పున నలుగురికి 180 డాలర్లు చెల్లించాము. వచ్చిన బండికి ఇత్తడి కడ్డీలు, చెక్క బెంచీలు, గంట అన్నీ ఉన్నాయి గాని, కింద రబ్బరు టైర్లు, ముందు ఇంజను. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరైన మా నాన్నగారు మెట్టు ఎక్కకముందే వంగి చూసి, "ఇది బస్సేరా, పైన తీగ లేదు, కింద పట్టా లేదు" అన్నారు. డబ్బు వెనక్కి అడిగితే, పట్టాల మీద నడుస్తుందని తాము ఎక్కడా రాయలేదని జవాబు వచ్చింది. ఆ ప్రయాణమంతా నాన్నగారు ఎవరితోనూ మాట్లాడలేదు. నా భార్య 180 డాలర్లు ఎన్ని రూపాయలో లెక్క కడుతూ కూర్చుంది.

అసలైన ట్రామ్ అక్కడికి నాలుగు అడుగుల దూరంలోనే ఆగుతుంది. నగర రవాణా సంస్థ మ్యునీ నడిపే ఎఫ్ లైన్ అది. మేము వెళ్ళినప్పుడు నగదుగా 3 డాలర్లు, 65 దాటినవారికి 1.50, పిల్లలకు ఉచితం; అందరికీ కలిపి 7.50 డాలర్లు అయింది. మొదట ఎక్కినది 1928 నాటి, ఇటలీలోని మిలాన్ నగరపు ట్రామ్ కారు. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో రవాణా అధికారి పీటర్ విట్ రూపొందించిన నమూనా ఇటలీకి వెళ్ళి, మళ్ళీ అమెరికా చేరిందన్నమాట. తరువాత ఎక్కినది పీసీసీ (ప్రెసిడెంట్స్ కాన్ఫరెన్స్ కమిటీ) రకం ట్రామ్ కారు. మోటారు కార్ల పోటీని తట్టుకోవడానికి ట్రామ్ కంపెనీల అధిపతులు కమిటీగా ఏర్పడి తయారు చేయించిన ఈ రకం 1936లో తొలిసారి ప్రయాణికులను ఎక్కించుకుంది. ఎఫ్ లైన్‌లో పీసీసీ కార్లకు ఉత్తర అమెరికాలోని వివిధ నగరాల పాత ట్రామ్‌ల రంగులు వేశారు. లాస్ ఏంజెలెస్ లాగా ఆ పాత ట్రామ్‌లను పూర్తిగా తీసేసిన ఊళ్ళు వాటిలో ఉన్నాయి.

ఎందుకు తీసేశారని మా అబ్బాయి అడిగాడు. కార్లు, బస్సులు తయారుచేసే జనరల్ మోటార్స్ కంపెనీ కుట్ర అని చాలామంది చెబుతారు. బస్సులు, టైర్లు, ఇంధనం అమ్మకంలో గుత్తాధిపత్యానికి కుట్ర పన్నినందుకు 1949లో ఆ కంపెనీకి 5,000 డాలర్ల జరిమానా పడిన మాట నిజమే. అయితే నా దృష్టిలో అంతకన్నా పెద్ద దెబ్బ ట్రామ్ కంపెనీలకు నగరాలతో కుదిరిన ఒప్పందాలే. ధరలెంత పెరిగినా చాలా చోట్ల టిక్కెట్టు 5 సెంట్లు దాటనివ్వలేదు. పట్టాల మధ్య రోడ్డు వేసే ఖర్చు కూడా కంపెనీలదే.

వీధి కింద కదిలే కేబుల్‌ను పట్టుకుని నడిచే కేబుల్ కారుకు అప్పట్లో మనిషికి 8 డాలర్లు. పావెల్ వీధి క్యూలో నిలబడకండి. కాలిఫోర్నియా వీధి లైన్‌లో రద్దీ తక్కువ. 1947లో మేయర్ లాఫమ్ కేబుల్ కార్లను ఎత్తివేయబోతే ఫ్రీడెల్ క్లుస్‌మన్ అనే ఆవిడ మహిళా సంఘాలను కూడగట్టి, ఓటింగు ద్వారా నిలబెట్టింది. మేసన్, వాషింగ్టన్ వీధులు కలిసే చోట ఉన్న కేబుల్ కార్ మ్యూజియం ఉచితం. ఊరంతా నడిచే కేబుళ్ళను గంటకు 15 కిలోమీటర్ల వేగంతో లాగే పెద్ద చక్రాలు అక్కడ కళ్ళెదుటే తిరుగుతుంటాయి. కేబుల్‌ను పట్టకారులా బిగించే గ్రిప్‌ను చూశాక నాన్నగారి అలక తీరింది. అక్కడి నుంచి ఆయనను కదిలించడం మా వల్ల కాలేదు.



ట్రాలీబస్సును మాత్రం వదలకండి. 1935 నుంచి ఈ ఊళ్ళో తిరుగుతున్న ఈ బస్సులు రెండు తీగల నుంచి కరెంటు తీసుకుని, డీజిల్ బస్సు ఆయాసపడే ఎత్తులను సునాయాసంగా ఎక్కుతాయి. "1 కాలిఫోర్నియా" అనే రూటు ట్రాలీబస్సు డౌన్‌టౌన్‌కు తిరిగి వచ్చేటప్పుడు కిందికి దిగి వచ్చే క్లే వీధిలోనే 1873లో ఆండ్రూ హాలిడీ తొలి కేబుల్ కారును నడిపాడు. ఎఫ్ లైన్‌లో కొన్న టిక్కెట్టు రెండు గంటలలోపు ఈ బస్సులోనూ చెల్లుతుంది, కేబుల్ కారులో చెల్లదు.