ఇంటి నుంచి కస్టమర్ కేర్ ఫ్రీలాన్స్ పని: మూడేళ్ల తర్వాత నా అనుభవం

2022 జూన్‌లో, పాప ఒకటో తరగతిలో చేరినప్పుడు మొదలుపెట్టాను. మా ఇల్లు విజయవాడ పాయకాపురంలో, రెండో అంతస్తు. అమెరికాలో ఆన్‌లైన్‌లో బట్టలు అమ్మే ఒక కంపెనీకి వచ్చే కాల్స్, చాట్‌లు చూడటం నా పని. మధ్యలో ఒక ఏజెన్సీ ఉంటుంది. ఉద్యోగం కాదు, కాంట్రాక్టు. పీఎఫ్, ఈఎస్ఐ ఉండవు.

"మీకు వీలైన టైంలో పనిచేయండి" అన్న మాట చూసే చేరాను. ఆ మాటలో సగమే నిజం. వారానికోసారి అరగంట చొప్పున స్లాట్లు వదులుతారు. మన పనికి వాళ్లిచ్చే స్కోరు బాగున్నవాళ్లకు వాటిని ముందు చూపిస్తారు. కొత్తవాళ్ల వంతు వచ్చేసరికి అర్ధరాత్రి దాటాక ఉండేవే మిగులుతాయి. మొదటి ఐదు నెలలు నాకు అవే దక్కాయి. స్లాట్ తీసుకున్నాక ఇక వెసులుబాటు లేదు. ఐదు నిమిషాలు ఆలస్యమైనా స్కోరు పడిపోతుంది, దాంతో వచ్చే వారం మంచి స్లాట్లు పోతాయి.

ఇంకో విషయం నాకు ముందు తెలియదు. అమెరికాలో మార్చిలో గడియారం గంట ముందుకు, నవంబరులో వెనక్కి జరుపుతారు. న్యూయార్క్‌లో ఉదయం 9 అయితే మనకు వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. ఆ గంట తేడాతో పాప హోంవర్క్, రాత్రి వంట అన్నీ మార్చుకోవాలి. "ఏమ్మా, ఇంకా అవలేదా, అన్నం చల్లారిపోతోంది" అని అత్తయ్య తలుపు దగ్గర నిలబడితే, మైక్ మ్యూట్ చేసి "ఇదే ఆఖరి కాల్ అత్తయ్యా" అన్న రోజులు చాలా ఉన్నాయి.

డబ్బు సంగతి. మాట్లాడిన నిమిషాలకే ఇస్తారు, కాల్ కోసం ఎదురుచూసిన టైంకు ఇవ్వరు. మూడు వారాల ట్రైనింగ్‌కూ పైసా ఇవ్వలేదు. రోజుకు నాలుగు గంటలు కూర్చుంటే నాకు నెలకు 11,000 నుంచి 14,000 వస్తోంది. నవంబరు చివరి నుంచి జనవరి దాకా, పండగ కొనుగోళ్లు, వాపసుల వల్ల ఊపిరాడదు. ఫిబ్రవరిలో స్లాట్లే దొరకవు. ఇది జీతం కాదు కాబట్టి జీతం వచ్చేవాళ్లు మామూలుగా వేసే పన్ను రిటర్ను ఐటీఆర్-1 వేయడం కుదరదు. టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) కోశారో లేదో ఆదాయపు పన్ను వెబ్‌సైట్‌లో చూసుకోండి.

వైఫై ఒప్పుకోరు, కేబుల్ నేరుగా కంప్యూటర్‌కే పెట్టాలి. ఎండాకాలం కరెంటు పోతుందని రూటర్‌కు చిన్న యూపీఎస్ కొన్నాను. కానీ 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగినప్పుడు అదేం చేయగలదు? కింది అంతస్తులోకి నీళ్లు వచ్చాయి. కరెంటు, నెట్, ఫోన్ ఛార్జింగ్, ఏవీ లేవు. తాగే నీళ్ల కోసం పడవ వైపు చేతులూపుతున్నాం. అలాంటి రోజుల్లో నా స్లాట్లన్నీ గైర్హాజరు కింద రాశారు. తర్వాత ఫోటోలు పంపి మొత్తుకుంటే కొన్ని తీసేశారు, రెండు అలాగే ఉంచారు. ఆ వారం నాకు చాలా బాధేసింది, ఇప్పటికీ ఉంది.

అయినా మానలేదు. నిరుడు అత్తయ్యకు కంటి ఆపరేషన్ అయినప్పుడు పది రోజులు స్లాట్లే తీసుకోలేదు. ఎవరినీ సెలవు అడగక్కర్లేకపోయింది, స్కోరూ తగ్గలేదు. అంతకుముందు చేసిన ఆఫీసులో ఆ పది రోజులు ఇచ్చేవాళ్లు కాదు. కోపంగా ఉన్న మనిషిని మధ్యలో ఆపకుండా చివరిదాకా విని, తర్వాత ఆర్డర్ నంబర్ అడగడం కూడా ఇక్కడే నేర్చుకున్నాను.

ఇంట్లో ఇంకో ఆదాయం ఉంటేనే చేరండి. దీనిమీదే అద్దె కట్టాలంటే ఫిబ్రవరి గడవదు. చేరేముందు కాల్ రాని టైంకు, ట్రైనింగ్‌కు డబ్బు ఇస్తారా అని అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి. ఎవరైనా రిజిస్ట్రేషన్ అనో డిపాజిట్ అనో ముందుగా డబ్బు అడిగితే కట్టొద్దు. నన్ను అలా అడగలేదు.