ధవళేశ్వరం నాన్నతో రేగెన్స్‌బుర్గ్‌లో ఒక రోజు

మ్యూనిక్‌కి అమ్మానాన్నలు వస్తే ఇక్కడి తెలుగువాళ్లందరం ముందు చేసే పని నోయిష్‌వాన్‌స్టైన్ కోటకి టికెట్లు తీయడం. నేనూ తీశాను. కొండెక్కి, గేటు దగ్గర పడిగాపులు పడి, లోపల అరగంట సేపు గైడు వెనకాల నడిచి బయటికొచ్చాక అమ్మ అడిగింది, "ఇంత కట్టించి ఆ రాజు ఇందులో ఎన్నాళ్లున్నాడే?" 172 రోజులు అన్నాను. అమ్మ ఇంకేం మాట్లాడలేదు, మోకాళ్లు నొక్కుకుంది.

అందుకే తర్వాతి శనివారం డాన్యూబ్ నది ఒడ్డునున్న పాత ఊరు రేగెన్స్‌బుర్గ్ అనుకున్నాను. ప్రాంతీయ రైలులో గంటన్నర. మ్యూనిక్ ఉన్న రాష్ట్రం బవేరియా, ఆ పేరుతో ఉండే బవేరియా టికెట్ ఒకటి తీస్తే ఐదుగురి దాకా వెళ్లొచ్చు. మామూలు రోజుల్లో అది ఉదయం తొమ్మిది తర్వాతే చెల్లుతుంది, శని ఆదివారాల్లో ఆ బాధ లేదు. ఐసీఈ అనే వేగం రైళ్లు మాత్రం ఎక్కకూడదు. స్టేషన్ నుంచి పాత ఊరికి పదిహేను నిమిషాల నడక. నడవలేనివాళ్లకి చిన్న ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతాయి. అమ్మకి స్పోర్ట్స్ షూ వేయించడం ఆ రోజు నేను చేసిన మంచి పని. వీధులన్నీ రాళ్ల పరుపే, చెప్పులతో అయితే అరగంటకే అరికాళ్లు మండేవి.

రేగెన్ అంటే జర్మన్‌లో వాన. ఊరికి ఆ పేరు వానవల్ల రాలేదు, ఇక్కడ డాన్యూబ్‌లో కలిసే రేగెన్ అనే నది వల్ల వచ్చింది. ఆ ముక్క చెప్పేలోపే చినుకులు మొదలయ్యాయి. "పేరు పెట్టినవాడు తెలిసే పెట్టాడు," అని అమ్మ కొంగు నెత్తిన కప్పుకుంది.

వాన తగ్గేదాకా సెయింట్ పీటర్ కెథడ్రల్లో కూర్చున్నాం. ప్రవేశం ఉచితం. 13వ శతాబ్దంలో మొదలైన గుడికి రెండు గోపురాలూ పూర్తయ్యేసరికి 1869 వచ్చింది. ఎత్తు 105 మీటర్లు. ఇప్పటికీ చర్చికి సొంత రాతిపనివాళ్లున్నారు, ఒక పక్క చెక్కడం అయ్యేసరికి ఇంకో పక్క పాడవుతుందట. లోపల రెండే చూడండి చాలు. ఒకటి, మరియమ్మకి కబురు తెచ్చిన దేవదూత శిల్పం. 1280 ప్రాంతంలోది, పళ్లు కనిపించేలా నవ్వుతుంటాడు. చర్చిలో అంత హాయిగా నవ్వే బొమ్మని నేనింకెక్కడా చూడలేదు. రెండోది, నాలుగు ఉక్కు తాళ్లతో గాల్లో వేలాడే ఆర్గన్. దాదాపు 37 టన్నులు. వాయించే ఆయన లిఫ్టులో పైకెళ్లాలి. నాన్న దాని కింద నిలబడ్డానికి ఒప్పుకోలేదు.

ఆ పక్క సందులో ఒక ఇంటి గోడలో కలిసిపోయి రోమన్ల కోటద్వారం ఉంది, పోర్టా ప్రిటోరియా. రోమన్ చక్రవర్తి మార్కస్ ఆరీలియస్ కాలంలో, క్రీ.శ. 179లో కట్టిన సైనిక స్థావరంలో మిగిలిన ముక్క. రెండు నిమిషాల్లో చూసి కదలొచ్చు.

అసలు సంగతి వంతెన. మా నాన్న ధవళేశ్వరంలో ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయనకి కోటలూ చర్చిలూ ఒకటే. నీళ్లు కనపడగానే మనిషి మారిపోయారు. రాతి వంతెన కట్టడం 1135లో మొదలై 1146లో అయిపోయింది. 1135 వేసవిలో వానల్లేక నదిలో నీరు బాగా తగ్గిందట, పునాదులకి అది కలిసొచ్చింది. పొడవు 300 మీటర్లకు పైగా, మొదట 16 ఖానాలు, అంటే స్తంభాల మధ్య కమానులు. తర్వాత దాదాపు 800 ఏళ్లపాటు ఈ ఊళ్లో డాన్యూబ్ మీద ఇదొక్కటే వంతెన. 1945 ఏప్రిల్‌లో వెనక్కి తగ్గుతున్న జర్మన్ సైన్యమే కొన్ని ఖానాలు పేల్చేసింది, వాటిని మళ్లీ కట్టారు. ఇప్పుడు కార్లూ బస్సులూ రావు, మనుషులూ సైకిళ్లే.

నాన్న పిట్టగోడ మీంచి వంగి కిందికే చూస్తున్నారు. ప్రతి స్తంభం చుట్టూ పడవ ఆకారంలో రాతి దిబ్బ కట్టారు, పునాది కోసుకుపోకుండా. "చూశావా అమ్మలూ, పునాదికి కాపలా పెట్టి నీటికి దారి తగ్గించాడు. అందుకే ఖానాల్లో ఆ పరుగు, అవతల ఆ సుడులు. సగం ఆనకట్ట ఇది." పాతిక నిమిషాలు అక్కడే. నేను కథ చెప్పబోయాను: వంతెన త్వరగా కట్టిపెడితే మొదట దాటిన మూడు ప్రాణాలు నావని దెయ్యం అడిగితే, మేస్త్రీ ఓ పుంజుని, పెట్టని, కుక్కని తోలాడని. "దెయ్యమైతే ఖానాలన్నీ ఒకే సైజులో కట్టేది," అన్నారు నాన్న.

వంతెన మొదట్లోనే వుర్స్ట్‌కుచ్ల్ అని పాత సాసేజ్ దుకాణం ఉంది. బొగ్గుల మీద కాల్చిన పంది మాంసం, పుల్లటి క్యాబేజీ, తియ్యటి ఆవపిండి. తినేవాళ్లకి స్వర్గమట, మా ముగ్గురికీ పొగే దక్కింది. కానీ దాని గోడ చూడ్డానికి వెళ్లండి. ఏ ఏడు వరద ఎంతదాకా వచ్చిందో గీతలున్నాయి. నాన్న చెయ్యెత్తి ఒక గీత అందుకుని, మా ఊళ్లో 17.75 అడుగులంటే మూడో ప్రమాద హెచ్చరిక అని, పక్కనే సాసేజ్ తింటున్న పెద్దాయనకి తెలుగులోనే చెప్పారు. ఆయన తల ఊపాడు.

భోజనం వంతెన కింద యాన్ ద్వీపం గడ్డిలో. అమ్మ తెల్లారగట్లే లేచి కలిపిన పులిహోర, గడ్డపెరుగు. శాకాహారులు ఇలా కట్టుకెళ్లడమే మేలు. హోటళ్లలో ఉప్పురొట్టె బ్రెట్సెల్, చీజ్ వేసిన ష్పెట్స్‌లే తప్ప పెద్దగా దిక్కులేదు. తర్వాత కాఫీ తాగిన చోట మామూలు నీళ్లు అడిగితే సీసా తెచ్చి బిల్లులో కాఫీ పక్కనే వేశారు. మరుగుదొడ్డికి చిల్లర నాణేలు దగ్గరుంచుకోండి.

మధ్యాహ్నం పడవలో వాల్‌హల్లాకి వెళ్లడం నా పొరపాటు. నది ఒడ్డు కొండ మీద, 1842లో బవేరియా రాజు మొదటి లుడ్విగ్ తెరిపించిన గ్రీకు గుడి లాంటి పాలరాతి మందిరం, లోపల జర్మన్ ప్రముఖుల తలబొమ్మలు. పడవ ప్రయాణం బావుంది. దిగాక 358 మెట్లు. అమ్మ రేవులోనే బల్ల మీద కూర్చుండిపోయింది. నేనూ నాన్నా పైకెక్కి, డాన్యూబ్ మైదానం చూసి, తలబొమ్మలు చూడకుండానే దిగాం. సగం పూట పోయింది. పెద్దవాళ్లుంటే ఇది వద్దు. ఆ టైములో పాత టౌన్‌హాల్లో 1663 నుంచి 1806 దాకా పవిత్ర రోమన్ సామ్రాజ్య సభ నడిచిన హాలు చూడొచ్చు, గైడుతోనే వెళ్లనిస్తారు. జర్మన్‌లో పని వాయిదా వేయడాన్ని "పొడుగు బల్ల మీదికి తోయడం" అంటారు, ఆ మాట అక్కడి బల్లల వల్లే పుట్టిందని చెప్పుకుంటారు. నేనిది చెబితే నాన్న, "మా డివిజన్ ఆఫీసులో అవే ఉండేవి," అన్నారు.

రాత్రికి ఉండాల్సిన పనిలేదు. ఉండాలనుకుంటే పాత ఊళ్లో గది తీసేముందు లిఫ్టుందో లేదో అడగండి. కిందటేడు మా స్నేహితురాలు పేరు బావుందని తీసుకుని, అత్తగారి పెట్టె మూడంతస్తులు మోసింది.

సాయంత్రం నోయ్‌ఫార్ చౌకులో తెల్లటి రాతి దిమ్మెల మీద పిల్లలు గెంతుతున్నారు, పెద్దవాళ్లు ఐస్‌క్రీమ్ తింటున్నారు. అమ్మ ఒక దిమ్మె మీద కూలబడింది. అది యూదుల ప్రార్థనా మందిరం నేల ఆనవాలని, 1519లో యూదుల్ని ఊళ్లోంచి తరిమేసి దాన్ని కూల్చేశారని, వాళ్ల సమాధి రాళ్లని గెలుపు గుర్తుగా ఇళ్ల గోడల్లో పెట్టుకున్నారని చెప్పాను. డాని కరవాన్ అనే ఇజ్రాయెల్ శిల్పి 2005లో చేసిన పని ఇది.

అమ్మ లేవబోయింది. కూర్చోవచ్చు, అందుకే చేశారు అన్నాను. కూర్చుంది కానీ ఐస్‌క్రీమ్ నాకిచ్చేసింది.

తిరుగు రైలు నలభై నిమిషాలు ఆలస్యం. ప్లాట్‌ఫారం మీద నాన్న నా పెన్ను అడిగి, కాఫీ బిల్లు వెనక స్తంభమూ దాని చుట్టూ దిబ్బా గీశారు. ఫోన్లో అన్ని ఫొటోలున్నాయి కదా అంటే, "ఫొటోలో నీళ్ల కింద కనపడదుగా," అన్నారు.