మెయిన్‌సెయిల్ మార్చాలి: డాక్రానా, లామినేటా?

ఓడ ఉద్యోగాలకి వెళ్ళొచ్చిన మా సోంపేట, కవిటి కుర్రాళ్ళలో ఒకరిద్దరికి ఈమధ్య తెరచాప పడవల పిచ్చి పట్టింది, దానికి కొంత కారణం నేనే. "అన్నా, పాత పడవ దొరికింది, మెయిన్‌సెయిల్ పాడైపోయింది, ఏ గుడ్డ వేయించమంటావు?" అని ఒకటే ఫోన్లు. మెయిన్‌సెయిల్ అంటే మాస్ట్ (పడవ మీది నిలువు కొయ్య) వెనక ఉండే ప్రధాన తెరచాప. నాది 28 అడుగుల పాత పడవ, విశాఖలో కట్టి ఉంటుంది. మొన్న శీతాకాలంలోనే దానికి కొత్త తెరచాప కుట్టించాను కాబట్టి అందరికీ కలిపి ఒకేసారి చెబుతున్నా.

అసలు పోటీ రెండింటి మధ్యే. డాక్రాన్ నేసిన పాలియెస్టర్ గుడ్డ, లామినేట్ ఏమో పల్చటి ఫిల్మునీ దారాల జాలీనీ పొరలుగా అతికించింది. లామినేట్ బరువు తక్కువ, అంత తేలిగ్గా సాగదు. డాక్రాన్ ఏళ్ళు గడిచేకొద్దీ సాగి సంచిలా తయారవుతుంది, గాలికి ఉబ్బే దాని పొట్ట వెనక్కి జరుగుతుంది, గాలి కాస్త పెరిగితే పడవ ముందుకు పోకుండా పక్కకి ఒరుగుతుంది. పందేలకి వెళ్ళేవాళ్ళయితే లామినేటే వేయించుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

మనం పందేలకి వెళ్ళం కదా. నెలకి రెండు రోజులు తిరుగుతాం, మిగతా రోజులన్నీ తెరచాప బూమ్ (దాని కింది అంచుని పట్టుకునే అడ్డ కొయ్య) మీద మడతల్లో ఎండుతూ ఉంటుంది. కళ్ళంలో జీడిగింజల మీద కప్పిన నీలం టార్పాలిన్ కొన్నాళ్ళకి చేతిలో పొడిపొడిగా రాలిపోవడం అందరం చూసిందే. డాక్రాన్‌నీ ఎండ అలాగే తింటుంది, కాకపోతే చెప్పి మరీ తింటుంది: మామూలుగా ముందు కుట్లు వదులుతాయి, మళ్ళీ కుట్టించుకోవచ్చు. లామినేట్‌లో మన ఉక్కకి పొరల మధ్య తేమ చేరి బూజు పడుతుంది, పొరలు ఊడటం మొదలైతే టైలర్ చేయగలిగింది పెద్దగా ఉండదు. మా తాత నూలు తెరచాపని బెరడు కషాయంలో ఉడకబెట్టి, వేట నుంచి రాగానే ఇసుక మీద ఆరేసేవాడు, నూలుకి తడి పడదు కాబట్టి. మనం అలా ఆరేసి మర్చిపోతే అంతే సంగతులు. ఆరాక వెంటనే కప్పెయ్యాలి. అందుకే గుడ్డ మీద ఖర్చు కాస్త తగ్గించుకునైనా మంచి కవరూ, ఎండకి చెడని పీటీఎఫ్‌ఈ దారంతో కుట్టూ అడగండి.

నేను 7 ఔన్సుల (గుడ్డ బరువు లెక్క) డాక్రాన్, క్రాస్‌కట్ (గుడ్డ పట్టీలు అడ్డంగా వేసే కోత) తీసుకున్నాను. పట్టీలు మూడు మూలల నుంచి విచ్చుకునే ట్రై-రేడియల్ కోత అందంగానే ఉంటుంది కానీ మామూలు డాక్రాన్‌కి అది దండగ. బ్యాటెన్లు (తెరచాప ఆకారం నిలబెట్టే బద్దలు) పైన రెండు నిండుగా, కింద రెండు పొట్టివి. రీఫులు (గాలి పెరిగినప్పుడు తెరచాపని కుదించి కట్టుకునే వరసలు) రెండే, రెండోది బాగా లోతుగా పెట్టించాను. మే నెల సాయంత్రం ఈదురుగాలికి ఒకసారి దొరికిపోయినవాడెవడూ దీనికి వంక పెట్టడు.

తెరచాప మాస్ట్ లోపలికి చుట్టుకునే రకం ఉన్నవాళ్ళు పొట్ట తక్కువగా, ఫ్లాట్‌గా కోయించుకోవడమే. సెకండ్ హ్యాండ్ తెరచాప కొలత కుదిరితే ఒక ఏడాది గడుస్తుంది.

కొలతలు మాత్రం మాస్ట్, బూమ్ మీద తీసుకోండి, పాత తెరచాప మీద వద్దు. సాగిన పాతదాని కొలతలే నేను పంపాను, వెనక అంచు పొడుగొచ్చింది, ఇప్పుడు పడవ తిప్పినప్పుడల్లా బూమ్ మా బావ నెత్తికి తగులుతోంది.