డిగ్రీ అయిపోయింది, సముద్రం చూడాలి: సూర్యలంకా, వైజాగా, గోవానా?

2023లో మా ఆఖరి పరీక్ష అయిపోయిన సాయంత్రం నల్గొండ క్లాక్ టవర్ దగ్గర చాయ్ తాగుతూ పదకొండు మందిమీ ఒకే మాట అనుకున్నాం: గోవా పోదాం. వాట్సాప్ గ్రూపు పేరు కూడా అక్కడే మార్చేశాం. వారం తిరిగేసరికి గ్రూపులో మాట్లాడేవాళ్ళు నలుగురే మిగిలారు. మిగతా ఏడుగురు వద్దనలేదు, సరే అనలేదు. కొందరికి డబ్బు లేదు, కొందరికి ఇంట్లో పర్మిషన్ లేదు, ఇద్దరికి రెండూ లేవు. ఎవరూ పైకి చెప్పలేదు.

అప్పటి నుంచి ఏ బీచ్ మేలని జూనియర్లు అడిగినప్పుడల్లా నేను ముందు అడిగేది ఒకటే. మీ బ్యాచ్‌లో అందరికంటే తక్కువ డబ్బు ఉన్నవాళ్ళు ఎంత పెట్టగలరు? ఆ అంకె తెలిస్తే సగం బీచ్‌లు వాటంతటవే పక్కకు పోతాయి. చదువు అయిపోయిన సంబరం కదా, కలిసి చదివినవాళ్ళు లేకుండా చేసుకుంటే నాకైతే అది సంబరంలా అనిపించదు.

మేము చివరికి సూర్యలంక వెళ్ళాం. బాపట్ల నుంచి 9 కిలోమీటర్లు. నల్గొండ వాళ్ళకు ఇది ఎంత వీలో చాలామందికి తెలియదు. మన స్టేషన్ బీబీనగర్ నుంచి గుంటూరు పోయే లైను మీద ఉంది. పొద్దున జన్మభూమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మిర్యాలగూడ, నడికుడి దాటి మధ్యాహ్నానికి గుంటూరులో దిగొచ్చు. అక్కడి నుంచి పొన్నూరు మీదుగా బాపట్లకు బస్సులు. బాపట్ల నుంచి షేర్ ఆటో. రోడ్డు మీద పోయేవాళ్ళకు నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు ఉండనే ఉంది. మిర్యాలగూడ, వాడపల్లి, దాచేపల్లి, పిడుగురాళ్ళ, నరసరావుపేట దాకా తిన్నగా వెళ్ళిపోవచ్చు. ఆడపిల్లలకు ఒక మాట: మన తెలంగాణ బస్సుల్లో మహాలక్ష్మి ఉచిత టికెట్ రాష్ట్ర సరిహద్దు వరకే. కృష్ణ దాటాక టికెట్ తీసుకోవాల్సిందే, లెక్కలో వేసుకోండి.

ఒక రాత్రి, రెండు పగళ్ళకు మాకు మనిషికి 1,700 రూపాయలు పడింది. బీచ్ పక్కనే టూరిజం వాళ్ళ హరిత రిసార్ట్ ఉంది కానీ మా లెక్కకు అందలేదు. బాపట్ల ఊళ్ళోనే లాడ్జిలో రెండు గదులు తీసుకున్నాం. మొదట వెళ్ళిన లాడ్జిలో స్టూడెంట్ గ్రూపులకు ఇవ్వమన్నారు. రెండో చోట పెద్దమ్మను చూసి ఇచ్చారు.

పెద్దమ్మ అంటే మా ఫ్రెండ్ వాళ్ళ అమ్మ. వాళ్ళది మర్రిగూడ వైపు. కూతుర్ని ఒక్కదాన్నే పంపనంటే, "అయితే నువ్వూ రా పెద్దమ్మా" అన్నాం, ఉత్తగా. ఆమె నిజంగానే పులిహోర సద్ది కట్టుకుని స్టేషన్‌కు వచ్చేసింది. ఆమె వస్తోందని తెలిసి మా నాన్న సహా మరో ముగ్గురి ఇళ్ళల్లో ఒప్పుకున్నారు. సాయంత్రం ఐదింటికి బీచ్‌కు చేరాం. మేమంతా చెప్పులు విసిరేసి పరుగెత్తాం. ఆమె మాత్రం తడి ఇసుక మొదలయ్యే చోట ఆగిపోయింది. చెంగు ముడి విప్పి, కాగితం పొట్లంలోంచి పసుపు కుంకుమ తీసి, ఒక రూపాయి బిళ్ళతో కలిపి అల వచ్చినప్పుడు వదిలింది. చేతికి తగిలిన నీళ్ళు నాలుక మీద వేసుకుని చూసింది. "ఇన్ని నీళ్ళున్నయి బిడ్డా, ఒక్క బొట్టన్న తాగనీకి రాకపాయె" అంది. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి కాళ్ళు వంకరపోయిన మనుషుల మధ్య బతికిన ఊరి మనిషి ఆమె. ఆ మాట తర్వాత మేం కాసేపు ఎవరం మాట్లాడలేదు.

సూర్యలంకలో లోపాలు లేవా? ఉన్నాయి. మే నెలలో పొద్దున తొమ్మిది దాటితే ఇసుక మీద కాలు పెట్టలేం. మన ఎండ పొడి ఎండ, అక్కడిది ఉక్కపోత, మనిషిని పిండేస్తుంది. పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర, మళ్ళీ సాయంత్రం నాలుగున్నర తర్వాత, ఈ రెండు పూటలే బీచ్‌కు పెట్టుకోండి. శని, ఆదివారాలు జనం విపరీతం. చేపల వేపుడు, రొయ్యలు కొనేముందే రేటు అడగండి. ప్లేటులో పెట్టించుకున్నాక బేరం కుదరదు.

ఇంకాస్త ప్రశాంతంగా కావాలంటే చీరాల దిగి ఓడరేవు గానీ, రామాపురం గానీ. ఓడరేవులో వేటకు వెళ్ళిన పడవలు తిరిగొచ్చేది చూడొచ్చు. రామాపురంలో రిసార్టులు ఎక్కువ, ఖర్చూ ఎక్కువే. మన పుట్టపాక నేత గురించి తెలిసినవాళ్ళు చీరాలలో మగ్గాల వైపు ఒక పూట వెళ్ళండి. నూనె పట్టించిన నూలుతో నేసే తేలియా రుమాల్ పేరు చెబితే రెండు ఊళ్ళూ గుర్తొస్తాయి. మచిలీపట్నం మంగినపూడి కూడా కొందరు చెబుతారు. నీళ్ళు లోతు తక్కువ, ఇసుక నల్లగా, బురదగా ఉంటుంది. కుటుంబాలకు బాగుంటుంది గానీ, కుర్రకారుకు ఒక్క పూటలో విసుగొస్తుంది.

వైజాగ్ లెక్క వేరు. నల్గొండ నుంచి విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో సాయంత్రం ఎక్కి పడుకుంటే తెల్లారి వైజాగ్. రైల్లోనే రాత్రి గడిచిపోతుంది, ఒక రోజు గది అద్దె మిగిలినట్టే. నేను రెండుసార్లు వెళ్ళాను, రెండుసార్లూ నచ్చింది. ఒక్క బీచ్ కాదు అక్కడ. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం 2002 నుంచి ఉంది. దానికెదురుగా నేవీ వాళ్ళ పాత టీయూ-142 విమానం 2017లో వచ్చింది. సబ్‌మెరైన్ లోపల నడిచేటప్పుడు తల వంచి, భుజాలు ముడుచుకుని పోవాలి. అంత ఇరుకులో నెలల తరబడి మనుషులు ఎలా ఉండేవాళ్ళో ఊహించుకుంటేనే ఊపిరి ఆడదు. రుషికొండకు 2020లో, శుభ్రమైన బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. శుభ్రంగా ఉంటుంది, మొదటిసారి సముద్రంలో దిగేవాళ్ళకు ఇదే నయం. యారాడ డాల్ఫిన్ నోస్ కొండకు అవతల. దారి కొండ మీదుగా, బీచ్ మూడు వైపులా పచ్చని కొండలు. భీమిలి చివర్న గోస్తని సముద్రంలో కలిసే చోట సాయంత్రం గాలికి కూర్చోవాలి.

కానీ వైజాగ్‌లో డబ్బు బీచ్‌లో ఖర్చవదు, ఒక బీచ్ నుంచి ఇంకో బీచ్‌కు తిరగడంలో ఖర్చవుతుంది. ఆటోలు, క్యాబ్‌లు పెట్టుకుంటే జేబు ఖాళీ. సిటీ బస్సులు ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి రుషికొండ, భీమిలి వైపు తిరుగుతూనే ఉంటాయి, అవి ఎక్కండి. మూడు రోజులు పెట్టుకుంటే మనిషికి నాలుగు వేల వరకు అనుకోవాలి. అరకు కూడా కలుపుదామనుకుంటే ఇంకో రోజు, ఇంకో వెయ్యి పైనే. అంత పెట్టగలిగిన బ్యాచ్‌కైతే నేను సూర్యలంక చెప్పను, వైజాగే చెబుతాను. భాష మనదే, ఊళ్ళో ఎవరో ఒకరికి చుట్టాలుంటారు, ఇంట్లో ఒప్పించడమూ తేలికే.

ఇక గోవా. మా పదకొండు మందిలో నలుగురం 2024 డిసెంబర్ మొదటి వారంలో, ఉద్యోగాల్లో చేరాక వెళ్ళాం. ఆ ఏడాది అక్టోబర్‌లోనే సికింద్రాబాద్ నుంచి వాస్కోకు వారానికి రెండు రోజుల రైలు మొదలైంది. అది షాద్‌నగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్, గద్వాల, కర్నూలు మీదుగా పోతుంది. పాలమూరు పిల్లలకు ఇది పెద్ద వరం. ఇంటి దగ్గర ఎక్కి పొద్దున్నే మడ్‌గావ్‌లో దిగొచ్చు. మేం మడ్‌గావ్ నుంచి కదంబా బస్సులో (గోవా ప్రభుత్వ బస్సు) కోల్వా వెళ్ళి అక్కడే గది తీసుకున్నాం. ఒక రోజు పాలోలెం. కలంగూట్, బాగా బీచ్‌ల జోలికి పోలేదు, అవి మడ్‌గావ్ నుంచి దూరం, రేట్లూ మండిపోతాయి. అయినా నలుగురికీ మనిషికి ఏడు వేలు దాటింది. స్కూటర్ అద్దెకు తీసుకుంటే నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలున్న బండే తీసుకోండి. తెల్ల ప్లేటు బండి అద్దెకు ఇవ్వడం చట్టం ఒప్పుకోదు, దొరికితే ఇబ్బంది పడేది మీరే.

గోవా అందంగా లేదని ఎవరంటారు? నాకు అభ్యంతరమల్లా కాలమే. మన పరీక్షలు, వైవాలు ముగిసి అందరం కలిసే వీలు దొరికేది మే ఆఖర్లో, జూన్‌లో. సరిగ్గా అప్పుడే నైరుతి రుతుపవనాలు పడమటి తీరాన్ని పట్టుకుంటాయి. బీచ్‌లలో షాక్‌లు, అంటే ఇసుక మీద వేసే పాక హోటళ్ళు, మే ఆఖరుకే ఎత్తేస్తారు. సెప్టెంబర్ దాకా ఒడ్డున ఎర్ర జెండాలే, సముద్రంలో దిగనివ్వరు. అంత ఖర్చు పెట్టి వెళ్ళి గదిలో కూర్చుని వాన చూడాలి. గోకర్ణకూ ఇదే మాట. ఓం బీచ్ నుంచి హాఫ్ మూన్‌కు కొండ మీద నడిచే దారి చాలా బాగుంటుంది, కానీ ఆ రాళ్ళు వానకు జారుతాయి. రెండింటికీ అక్టోబర్ దాటాక వెళ్ళండి.

మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు వాళ్ళకు జూన్‌లో సముద్రం కొంచెం కష్టమే. సికింద్రాబాద్ వచ్చి రైలు మారాలి, లేదంటే కల్వకుర్తి, దేవరకొండ మీదుగా నల్గొండ చేరాలి. అయిదారు వందలు కూడా కుదరని బ్యాచ్ అయితే కొల్లాపూర్ దగ్గర సోమశిల ఉంది. కృష్ణా నీళ్ళు, ఎదురుగా నల్లమల. సముద్రం కాదు, ఎండాకాలంలో నీళ్ళు బాగా లోపలికి పోతాయి. కానీ అందరూ వస్తారు.

ఒక విషయం మాత్రం ఏ బీచ్ ఎంచుకున్నా వినండి. మన పిల్లలకు సాగర్ కాలువలో ఈత వచ్చు, ఆ ధైర్యమే ప్రమాదం. కాలువ ఒకే దిక్కు పారుతుంది, గట్టు పక్కనే ఉంటుంది. సముద్రంలో ఒడ్డుకొచ్చిన నీళ్ళు తిరిగి లోపలికి పోవడానికి అక్కడక్కడ సన్నని దారి చేసుకుంటాయి. అలలు విరగకుండా ప్రశాంతంగా కనిపించే చోటే అది ఉంటుంది. మావాళ్ళలో ఒకడు నడుము లోతులో అలాంటి చోట నిలబడ్డాడు, రెండు నిమిషాల్లో కాళ్ళ కింద నేల లేదు. వలలు సర్దుకుంటున్న ఒక పెద్దాయన చూసి, పక్కకు ఈదమని చేయి ఊపుతూ అరిచాడు. వాడు ఒడ్డు వైపు ఈదడం మానేసి ఒడ్డుకు సమాంతరంగా ఈదాడు, అల వాణ్ణి తెచ్చి పడేసింది. ఆ రాత్రి వాడు అన్నం ముట్టలేదు. సూర్యలంకలో, రామాపురంలో స్టూడెంట్లు మునిగిపోయారన్న వార్త ఏటా చదువుతూనే ఉన్నాం. మోకాలు దాటి దిగొద్దు, తాగి అసలే దిగొద్దు. బయలుదేరే ముందు తుఫాను హెచ్చరికలు చూసుకోండి. 2010 మే నెలలో లైలా, 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తీరం దాటింది బాపట్ల దగ్గరే.

రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. పరీక్షల టైమ్‌టేబుల్ వచ్చిన రోజే తేదీ అనుకుని, ట్రిప్ డబ్బు కూడా అందరి దగ్గరా ఒకేసారి కాకుండా నెలకు రెండు వందల చొప్పున వసూలు చేసుకోండి. మా బ్యాచ్‌లో ఇద్దరు అలాగే కట్టారు. గోవా బీచ్‌లో ఉన్నప్పుడు మేం నలుగురం ఆ ఇద్దరికీ వీడియో కాల్ చేశాం. ఫోన్ అటూ ఇటూ తిప్పి సముద్రం చూపించాం. "పెద్దమ్మ ఎట్లుంది?" అని అడిగాం.