క్రిస్ థీలీ మాండలిన్: బాఖ్‌తో మొదలెట్టాలా, గోట్ రోడియోతోనా, పంచ్ బ్రదర్స్‌తోనా?

మాండలిన్ అనగానే మనకి గుర్తొచ్చేది పాలకొల్లు శ్రీనివాస్. ఇంకో పేరు చెప్పమంటే తల గోక్కుంటాం. నేనూ అంతే, క్రిస్ థీలీ చేతిలో పడేదాకా. స్పెల్లింగ్ చూసి చాలాకాలం థైల్ అనే చదివాను, పోన్లెండి. ఈయన 1981లో కాలిఫోర్నియాలో పుట్టాడు, ఎనిమిదేళ్ళకే ఇంకో ఇద్దరు పిల్లలతో కలిసి నికెల్ క్రీక్ అని బ్యాండ్ కట్టాడు, పదమూడేళ్ళకి సొంత ఆల్బమ్ తెచ్చాడు, 2012లో అమెరికాలో ప్రతిభావంతులకిచ్చే మెక్‌ఆర్థర్ ఫెలోషిప్ కొట్టాడు. పెరిగింది బ్లూగ్రాస్‌లో, అంటే తీగవాయిద్యాల మీద నడిచే అమెరికా జానపద బాణీలో; వాయించేది పాతకాలపు జర్మన్ స్వరకర్త బాఖ్ రచనలు కూడా. మా బావమరిదికి ఒక వీడియో పంపితే, "బాగుంది బావా, కానీ ఇన్ని ఆల్బమ్‌లున్నాయి, ఎక్కడ మొదలెట్టను?" అన్నాడు. శ్రీనివాస్ క్యాసెట్లు అరిగిపోయేదాకా విన్న చెవి వాడిది. ఆ చెవికి ఏది మేలో ఆలోచిస్తే నా లెక్క నాకే తిరగబడింది.

మామూలుగా అందరూ చెప్పేది గోట్ రోడియో సెషన్స్ అనే ఆల్బమ్, 2011లో వచ్చింది. చెల్లో మీద యో-యో మా, డబుల్ బేస్ మీద ఎడ్గార్ మేయర్, ఫిడేలు మీద నాష్‌విల్ బ్లూగ్రాస్ వాళ్ళలో పేరు మోసిన స్టువర్ట్ డంకన్, వాళ్ళ మధ్య థీలీ. గోట్ రోడియో అంటే, ఎన్నో తల తిక్క వ్యవహారాలు ఒకేసారి సరిగ్గా కుదిరితే తప్ప గట్టెక్కని గందరగోళం అన్నమాట. పేరుకే గందరగోళం, వినడానికి మాత్రం హాయిగా ఉంటుంది. ఉత్తమ ఫోక్ ఆల్బమ్‌గా గ్రామీ కూడా వచ్చింది. అటాబాయ్ అనే ముక్క పెట్టుకుని వంట చేసుకుంటూ వినొచ్చు, ఎవరికీ ఇబ్బంది ఉండదు. నాకున్న ఫిర్యాదు కూడా అదే. అంత పెద్ద చెల్లో, డబుల్ బేస్ కలిసి మోగుతుంటే మాండలిన్ చాలాచోట్ల వెనక్కి పోతుంది. థీలీ కోసం వెళ్ళినవాళ్ళు యో-యో మాని విని ఇంటికొస్తారు.

అయితే ఆ వెనక్కి పోవడంలోనే ఒక మాట ఉంది. బ్లూగ్రాస్ బ్యాండ్‌లో మామూలుగా డ్రమ్స్ ఉండవు. ఆ పని మాండలిన్ చేస్తుంది. నాలుగు వేళ్ళూ తీగల మీద నొక్కి, పిక్‌తో (మీటడానికి పట్టుకునే చిన్న బిళ్ళ) ఒక్కటి కొట్టి, శబ్దం పుట్టీ పుట్టగానే వేళ్ళు కాస్త వదులు చేస్తారు. అప్పుడు స్వరం సాగదు, "టక్" అని తెగుతుంది. బేస్ మోగిన దెబ్బకీ దెబ్బకీ మధ్యలో ఈ టక్ పడుతుంది. దాన్ని చాప్ అంటారు. బ్లూగ్రాస్ పితామహుడు అనిపించుకున్న బిల్ మన్రో వాయించింది మాండలినే, 1940లలో ఆయన బ్యాండ్ ఊపంతా ఈ టక్ మీద నడిచింది. థీలీ ఎంత క్లాసికల్ వాయించినా ఆయన కుడిచెయ్యి మాత్రం ఈ స్కూల్లో చదువుకున్నదే. అది గుర్తుపెట్టుకోండి, బాఖ్ దగ్గర పనికొస్తుంది.

థీలీ ఉన్న ఐదుగురి బ్యాండ్ పంచ్ బ్రదర్స్ సంగతి వేరు. మాండలిన్, బాంజో, గిటార్, ఫిడేలు, బేస్, అంటే అచ్చం మన్రో కట్టిన బ్యాండ్ అమరికే, కానీ వీళ్ళు వాయించేది ఏమిటో ఒక్క మాటలో చెప్పలేం. 2008లో వచ్చిన పంచ్ ఆల్బమ్‌లో నాలుగు భాగాల రచన ఒకటుంది, దాదాపు నలభై నిమిషాలు, థీలీ తన విడాకుల బాధలోంచి రాసుకున్నది. 2015 ఆల్బమ్‌లో ఫ్రెంచ్ స్వరకర్త డెబ్యుసీ పియానోకి రాసిన పాస్‌పియే అనే ముక్కని బాంజోతో సహా ఐదుగురూ పంచుకుని వాయించేశారు. కచేరీలో ఒకే మైకు చుట్టూ ఐదుగురూ మూగి, సోలో ఉన్నవాడు ముందుకొచ్చి, అయిపోగానే పక్కకి జరగడం చూడముచ్చటగా ఉంటుంది. బ్లూగ్రాస్, క్లాసికల్ నిజంగా కలిసిపోయింది ఎక్కడ అని ఎవరైనా గట్టిగా అడిగితే నేను చూపించేది ఇదే. కానీ మొదటిసారి వినేవాళ్ళకి పెట్టను. ఆ నలభై నిమిషాల రచన నేను మూడుసార్లు మొదలెట్టి రెండుసార్లు మధ్యలో ఆపాను. పైగా థీలీ పాడతాడు కూడా, సన్నటి గొంతు, అది అందరికీ పడదు. మా ఇంట్లో పడలేదు.

ఇక 2013లో వచ్చిన బాఖ్ సొనాటాలు, పార్టీటాలు. సొనాటా అంటే కొన్ని భాగాలుగా సాగే రచన, పార్టీటా అంటే నాట్యాల వరస. ఒక్క మాండలిన్, అంతే. పక్కన ఇంకెవరూ లేరు. బాఖ్ ఇవి వయొలిన్ కోసం రాశాడు, ఆయన స్వహస్తంతో రాసిన ప్రతి మీద 1720 అని ఉంటుంది. మాండలిన్‌కీ వయొలిన్‌కీ శృతి ఒకటే కాబట్టి వేళ్ళు పడే చోట్లూ అవే, దాంతో వయొలిన్ కాగితం ముందు పెట్టుకుని నేరుగా వాయించెయ్యొచ్చు. తేడా అంతా శబ్దం ఆరిపోవడంలో ఉంది. కమాను ఉంటే స్వరాన్ని ఎంతసేపైనా లాగొచ్చు. మాండలిన్ తీగ మీటగానే మోగి, వెంటనే సన్నగిల్లిపోతుంది. పైగా జంటలు జంటలుగా ఎనిమిది తీగలు, రెండేసి కలిపి లాగి గమకం పలికించడం మహా కష్టం. శ్రీనివాస్ ఆ ఇబ్బందికి విరుగుడుగా ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని, జంటలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. థీలీ పాత ఎనిమిది తీగల మాండలినే ఉంచుకున్నాడు, 1924 నాటి గిబ్సన్ కంపెనీది. గమకం లేదు, కరెంటు లేదు. ఆ లోటుని కుడిచేతి మీటుతో పూడ్చాలి, ఏ స్వరం ఎంత గట్టిగా, ఎంత మెత్తగా అన్న లెక్కతో.

జి మైనర్ సొనాటాలో చివరి ప్రెస్టో, అంటే చాలా వేగంగా సాగే భాగం, పెట్టుకోండి. మొదటి నుంచి చివరిదాకా దాదాపు ఒంటి స్వరాల పరుగే. వేగం ఎవరైనా తెచ్చుకుంటారు లెండి, కానీ ఆ పరుగులో ఒక్కో స్వరాన్ని కాస్త ఒత్తి, పక్కవాటిని వదిలేస్తాడు, దాంతో కింద ఇంకెవరో తాళం వేస్తున్నట్టు వినపడుతుంది. ఇందాకటి చాప్ నేర్చుకున్న చెయ్యే ఇది. ఎ మైనర్ సొనాటాలో ఆందాంతే, అంటే నిదానంగా నడిచే భాగం, ఇంకా బాగుంటుంది: కింద ఒక్కో స్వరం మళ్ళీ మళ్ళీ గుండె కొట్టుకున్నట్టు మోగుతుంటే పైన పాట నడవాలి. ఒక్క కమానుతో ఆ రెండూ నడపడం వయొలిన్ వాళ్ళకి ప్రాణం మీదకొచ్చే పని, మాండలిన్‌కి మాత్రం అలా టుక్కు టుక్కుమని మీటడం పుట్టుకతో వచ్చినదే.

మా బావమరిదికి చివరికి ఇదే పంపాను, గోట్ రోడియో కాదు. ఎందుకంటే మన చెవికి హార్మొనీ అలవాటు తక్కువ, నాలుగు వాయిద్యాలు నాలుగు దారుల్లో పోతుంటే దేన్ని పట్టుకోవాలో తెలీదు. ఒక్క వాయిద్యం ఒక్క గీతలా సాగిపోతే గంటసేపైనా కూర్చుంటాం. పైగా బి మైనర్ పార్టీటాలో ప్రతి నాట్యం వెనకాల డబుల్ అని ఒకటి వస్తుంది, అదే నడకని పట్టుకుని స్వరాలు పెంచి మళ్ళీ చెప్పడం. మనవాళ్ళు సంగతులు వెయ్యడం విన్నవాడికి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. హిందీ, తమిళ సినిమాల బ్యాక్‌గ్రౌండ్ స్కోర్లు వింటూ పెరిగిన మా అబ్బాయికైతే గోట్ రోడియోనే పెడతాను, వాడికి ఒంటి వాయిద్యమంటే ఐదు నిమిషాలకే నిద్రొస్తుంది.

బావమరిది దగ్గర్నుంచి జవాబు రెండు రోజులకి వచ్చింది. "గమకం లేకపోతే చప్పగా ఉంటుందనుకున్నా బావా, ఆ మూడో ముక్క ఇంకోసారి వింటున్నా" అని. మూడోది అంటే ఏదని అడిగితే పేరు తెలీదన్నాడు.