రెండో ర్యామ్ స్టిక్కా, గ్రాఫిక్స్ కార్డా: ముందు ఏది?

రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, ఒక్క 8 జీబీ ర్యామ్‌తో నడిచే పీసీకి ఈ నెల ఒకటే కొనగలిగితే రెండో ర్యామే మేలు. ఈ ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్‌కు సొంత మెమొరీ లేదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. డీడీఆర్4 3200 ఒక్క స్టిక్ సెకనుకు 25.6 జీబీ ఇస్తే జంట 51.2 ఇస్తుంది, గేముల్లో ఫ్రేములు (సెకనుకు తెరపై కనిపించే బొమ్మలు) పెరిగేది అందుకే. నాలుగు స్లాట్ల బోర్డుల్లో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి 2, 4 స్లాట్లలో పెట్టాలి. బయోస్‌లో (బోర్డు సెట్టింగుల తెర) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్, ఆన్ చేయకపోతే ర్యామ్ తక్కువ వేగం దగ్గరే ఆగిపోతుంది.

ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డుతో లాభం ఇంకా పెద్దదే, కానీ అది ఒంటరిగా రాదు. 132 వాట్లు తాగుతది, 8 పిన్ కేబుల్ అడుగుతది. క్యాబినెట్‌తో పాటు వచ్చిన చౌక ఎస్‌ఎంపీఎస్‌ను (పవర్ సప్లై) నమ్మొద్దు; మోలెక్స్ (పాత రకం 4 పిన్) అడాప్టరుతో సర్దుకుంటే వైర్లు కాలే ప్రమాదం. మంచి 450 వాట్లది కూడా లెక్కలో వేసుకోండి. నల్లగొండ, పాలమూరు ఎండలకు గాలాడని క్యాబినెట్‌లో కార్డు వేడెక్కి వేగం తగ్గించుకుంటది, ముందువైపు 120 ఎంఎం ఫ్యాన్ ఒకటి తప్పదు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు పోయి పాత కార్డు కొనేటోళ్లు అరగంట గేమ్ నడిపించి చూడనిదే పైసలియ్యొద్దు. మానిటర్ కేబుల్ కార్డుకే తగిలించాలి. బోర్డుకే ఉంచేసి "ఫ్రేములు పెరగలే" అనేటోళ్లు ఉంటరు.